ఐదు లైన్ల రూల్ వద్దంటున్న అన్నలకు మా జవాబు

పోస్టు పెద్దది. సిగ్నల్ ఉన్నప్పుడు, తీరిక ఉన్నప్పుడు చదవండి. సగం చదివి రిప్లై మాత్రం పెట్టకండి.

ఉద్యోగాలు, భూమి, అడవి, రిజర్వేషన్. ఈ నాలుగింటి మీద ఎవరు పోస్టు పెట్టినా ఐదు లైన్ల పద్ధతిలో పెట్టాలని అడ్మిన్లు అన్నప్పటి నుంచి గొడవ నడుస్తూనే ఉంది. కాలేజీ పిల్లల ఆట అన్నారు. మనల్ని మనమే అనుమానించుకోవడం అన్నారు. ఒక అన్న అయితే, ఉద్యమం అంటే పరీక్ష పేపరా అని అడిగారు. ఈ పద్ధతి గ్రూపులో మొదట వాడింది మా హాస్టల్ రూమ్ వాళ్ళమే కాబట్టి జవాబు కూడా మేమే చెప్పాలి. మేం ఆరుగురం. ఆరుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదట. మాకు జీవో కాపీ చదవడం ఎవరూ నేర్పలేదు, తప్పు జీవో నమ్మితే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

ముందు పద్ధతి ఏంటో మళ్ళీ ఒకసారి, చాలామంది చదవకుండానే తిట్టారు గనక.

మాట: మనం ఏమంటున్నాం, ఒక్క వాక్యంలో.
ఆధారం: దేన్ని చూసి అంటున్నాం. జీవో అయితే నంబరు, తేదీ. తీర్పయితే కేసు పేరు, సంవత్సరం. మనిషి చెప్పిందయితే ఎవరు, ఏ ఊరు.
ముడి: ఆ ఆధారానికీ మన మాటకీ సంబంధం ఏంటి.
అడ్డు: ఎదుటివాడు ఏమని అడ్డం తగులుతాడు.
హద్దు: మన మాట ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు.

అంతే. ఇది మేం కనిపెట్టింది కాదు. స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో వాదన మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఆరు భాగాలుంటాయి. ఆరోది ముడికి దన్నుగా పెట్టేది. దాన్ని మేం ముడిలోనే కలిపేశాం, ఫోన్ స్క్రీన్ మీద ఆరు లైన్లు ఎక్కువైపోతున్నాయని. ఇప్పుడు కియాలో లాంటి సైట్లు కూడా ఉన్నాయి. ఒక మాట పైన పెడితే దాని కింద అనుకూలం, ప్రతికూలం కొమ్మలు కొమ్మలుగా పెరుగుతాయి. చూడ్డానికి బావుంటుంది. కానీ ఒక ట్రైనింగులో మా అందరి చేతా ఇంగ్లీషులో లాగిన్ చేయించి, ఇంగ్లీషులో బాక్సులు నింపమంటే ఏం జరిగిందో చెప్తాం. ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు నింపారు, మిగతా నలభై మంది ఆ ఇద్దరివైపు చూశారు. సార్ ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ట్రైనింగును వెక్కిరించిన అన్నలతో మాకు పేచీ లేదు, మేమూ వెక్కిరించాం. అయితే బాక్సులు బాలేదని లోపలున్న పద్ధతిని కూడా పారేద్దామంటే ఒప్పుకోం. వాట్సాప్‌లో తెలుగులో ఐదు లైన్లు రాయడానికి లాగిన్ అక్కర్లేదు, కొండ మీద టూజీ సిగ్నల్ చాలు.

ఇక అసలు విషయం. పద్ధతి లేకపోతే మనకి పోయేదేంటి? జీవో 3 సంగతే చూడండి. మన గ్రూపులో దీని మీద వచ్చినన్ని పోస్టులు ఇంక దేని మీదా రాలేదు. మన ఉద్యోగాలు మనకే, జీవో 3 మళ్ళీ తేవాలి, షేర్ చేయని వాడు ఆదివాసీ కాదు. ఇలాంటివి వందల్లో ఉంటాయి. బీఈడీ చదివే అక్కలు, డీఎస్సీకి కోచింగ్ తీసుకునే అన్నలు ఉన్న గ్రూపు ఇది. వాళ్ళ బతుకే ఆ జీవోతో ముడిపడి ఉంది. అయినా అది ఎందుకు పోయిందో ఒక్క పోస్టులో కూడా లేదు.

తెలిసినంత చెప్తాం. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రంలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. ప్రభుత్వం చెప్పిన ముఖ్య కారణం, టీచర్లు బడికి రాకపోవడం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. కేసు పేరు చేబ్రోలు లీలాప్రసాదరావు. నూరు శాతం అంటే మిగతా అందరికీ తలుపు మూసేయడమే, అది సమానత్వ హక్కుకి విరుద్ధం అన్నది. ఇందిరా సాహ్నీ తీర్పు పెట్టిన 50 శాతం గీత గుర్తుచేసింది. గవర్నరుకి ఐదో షెడ్యూలు ఇచ్చిన అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటిపోయేది కాదన్నది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని మాత్రం తీసేయొద్దన్నది. ఈ చివరి ముక్క తెలియక, టీచర్లుగా చేస్తున్న మన వాళ్ళందరి ఉద్యోగాలూ పోతున్నాయని వచ్చిన ఫార్వర్డు చూసి ఎన్ని ఇళ్ళల్లో అన్నం సయించలేదో.

ఆ తీర్పులో ఒక మాట ఉంది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనడం అసహ్యమైన ఆలోచన అన్న అర్థంలో. అది చదివిన రాత్రి మా రూమ్‌లో ఎవరూ మెస్‌కి వెళ్ళలేదు. కోపం రాలేదని ఎవరూ అనుకోవద్దు. కానీ కోపంతో ఆ రాత్రి గ్రూపులో ఒక బూతు రాసి పడుకుంటే తెల్లారేసరికి ఏం మిగిలేది? అందుకని ఐదు లైన్లు రాయడం మొదలుపెట్టాం. ఎలా సాగిందో ఉన్నదున్నట్టు చెప్తాం.

మాట: ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలి. ఆధారం: మైదానం నుంచి వచ్చే టీచర్లు బడికి సరిగ్గా రారు, ఇది మేం మా కళ్ళతో చూసింది, జీవో కూడా ఇదే చెప్పింది. ముడి: స్థానికుడు ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి రోజూ వస్తాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. అడ్డు రాయాల్సి వచ్చేసరికి ఆగిపోయాం. ఊళ్ళోనే ఉండే గిరిజనేతరుడు కూడా రోజూ రాగలడు కదా? సరిగ్గా ఇదే ప్రశ్న కోర్టు వేసింది. బడికి రాకపోవడం అనే ఆధారం "స్థానికుడు" అన్న మాటని మోస్తుంది, "గిరిజనుడు" అన్న మాటని మోయదు. ఇరవై ఏళ్ళు ఆ ఒక్క ఆధారం మీద అంత బరువు పెట్టి నిలబెట్టారు. మన తరఫున గొంతు చించుకున్న పోస్టుల్లో ఒక్కటి కూడా ఈ సంగతి మనకి చెప్పలేదు.

అప్పుడు రెండో ఆధారం వెతికాం. భాష. ఒకటో తరగతిలో చేరే పిల్లకి ఇంట్లో వచ్చేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. టీచరు తెలుగులో "కూర్చో" అంటే నిలబడే ఉంటుంది. మాలో ఇద్దరు అలా నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళే. ముడి: పిల్ల భాష వచ్చిన మనిషి చెప్తేనే మొదటి రెండు మూడేళ్ళు చదువు ఎక్కుతుంది. ఇది "గిరిజనుడు" అన్న మాటకి చాలా దగ్గరగా వచ్చింది. మళ్ళీ అడ్డు: వేరే తెగ గిరిజనుడికి కువి రాదు కదా? అందుకని హద్దు రాశాం. ప్రైమరీ తరగతుల వరకు, ఆ ఊరి పిల్లల భాష వచ్చి ఉండాలన్న షరతుతో. హైస్కూల్లో లెక్కల టీచరు పోస్టుకి ఈ ఆధారం సరిపోదు, దానికి వేరేది వెతకాలి.

ఇంకో అడ్డు మా రూమ్‌లోనే బయటపడింది. జీవో 3 లెక్కలో స్థానిక గిరిజనుడంటే 1950 జనవరి 26 నాటికే షెడ్యూల్డ్ ఏరియాలో ఉంటున్న కుటుంబం వాడు. ఆ తర్వాత వలసొచ్చి స్థిరపడ్డ గిరిజన కుటుంబం పిల్లవాడు మా పక్క మంచం మీదే పడుకుంటాడు. కోర్టు ఈ షరతుని కూడా తప్పుపట్టింది. జీవో 3 యథాతథంగా తెమ్మని మనం అరుస్తున్నప్పుడు, వాణ్ణి బయటికి నెట్టమని కూడా అరుస్తున్నాం. వాడు ఆ పోస్టులన్నిటికీ లైకు కొట్టాడు పాపం.

మూడు రాత్రులు పట్టింది. మొదట్లో ఉన్న మాట చివరికి మిగల్లేదు. మిగిలింది ఇది: ఐదుగురు జడ్జీలు కొట్టేసిన కాగితాన్నే తేదీ మార్చి ఇస్తే మళ్ళీ అదే కారణంతో పోతుంది. కాబట్టి భాష ఆధారంగా, ప్రైమరీ బడులకి, హద్దులు రాసుకున్న కొత్త చట్టం అడగాలి. ఇది కూడా కోర్టులో నిలుస్తుందని మేం హామీ ఇవ్వలేం. కానీ ఎమ్మెల్యే దగ్గరికో ఐటీడీఏ పీవో గారి దగ్గరికో వెళ్ళినప్పుడు, "కోర్టు కొట్టేసింది కదమ్మా" అని ఒక్క ముక్కలో పంపించేయడం ఇక కుదరదు. మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఏజెన్సీలో బందులు జరిగాయి, మనమూ రోడ్డు మీద కూర్చున్నాం. బందు చేసినవాళ్ళని మేం తక్కువ చెయ్యడం లేదు. బందు అయ్యాక లోపలికి పిలిచి "మీరు అడిగేదేంటి" అన్నప్పుడు ఏం చెప్పాలన్నదే మా బాధ.

ఇప్పుడు అన్నల అభ్యంతరాలకి వద్దాం. అన్నిటికన్నా బలమైనది ఇది: ఆధారం అడగడం ఆఫీసుల పని. పట్టా ఉందా, కుల ధ్రువీకరణ ఉందా, కాగితం ఉందా అని అడిగి అడిగే మన భూములు పట్టుకుపోయారు. ఇప్పుడు మన గ్రూపులో మనవాళ్ళే ఆధారం ఆధారం అంటే వాళ్ళకీ మనకీ తేడా ఏంటి?

ఇది రాసిన అన్న మీద మాకు గౌరవం ఉంది. మా తాతల దగ్గర కాగితం లేదు, పొడు చేసిన కొండ ఉంది. కానీ ఆధారం అంటే కాగితమే అని ఎవరన్నారు? ఆఫీసువాళ్ళన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం అనలేదు. ఆ చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో పదమూడోది చూడండి. హక్కుకి ఏవేవి సాక్ష్యంగా పనికొస్తాయో అక్కడ వరసగా ఉంటుంది. అందులో పెద్దవాళ్ళు చెప్పిన మాట, రాసి పెట్టుకున్నది, కూడా ఒకటి. క్లెయిమ్ పెట్టినవాడు కాకుండా వేరే పెద్దాయన చెప్పాలి, అది రాతలో ఉండాలి. అంటే మా ఊరి ముసలమ్మ "ఈ చింతచెట్టు దాకా వీళ్ళ తాత దున్నాడు" అంటే అది సాక్ష్యమే. ఎంతమంది క్లెయిములు తిరస్కరించిన తర్వాత ఈ సంగతి మనకి తెలిసింది? ఆధారం అడగడం తప్పు కాదు, మన ఆధారాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం తప్పు. ఐదు లైన్లలో "అవ్వ చెప్పింది, ఫలానా ఊరు" అని రాస్తే ఈ గ్రూపులో ఎవరూ కొట్టిపారేయకూడదు. ఈ ముక్క రూల్లోనే చేర్చమని అడ్మిన్లని అడుగుతున్నాం.

అయినా ఊళ్ళో తగువు తీర్చేటప్పుడు పెద్దలు చేసేదేంటి? గట్టు జరిపాడని ఒకడంటే, ఎవరు చూశారు అని అడుగుతారు. చూసినవాణ్ణి పిలుస్తారు. రెండోవాడి మాట వింటారు. అవసరమైతే అందరూ లేచి గట్టు దగ్గరికే నడుస్తారు. గట్టిగా అరిచినవాడికి పొలం రాసివ్వరు. టూల్మిన్ పేరు వినగానే తెల్లోడి చదువు అంటున్న అన్నలు ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక తగువులో కూర్చుని చూడండి.

ఆధారానికి తేదీ ఎందుకంటే, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అటవీ హక్కు క్లెయిమ్ తిరస్కరణకి గురైనవాళ్ళని అడవి నుంచి ఖాళీ చేయించాలని. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఫిబ్రవరి 28న అదే కోర్టు దాన్ని ఆపింది. మధ్యలో పదిహేను రోజులే. కానీ మొదటి ఉత్తర్వు వార్త స్క్రీన్‌షాట్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, తేదీ కత్తిరించి. అది చూపించి పొడు రైతు దగ్గర "నేను ఆపిస్తాను" అని డబ్బు అడిగే బ్రోకర్లకి మన గ్రూపులే ఉచిత ప్రచారం. తేదీ లేని స్క్రీన్‌షాట్ కింద "ఆధారం అసంపూర్తి" అని రెండు ముక్కలు రాస్తే అక్కడితో ఆగుతుంది. దానికి లాయరు అక్కర్లేదు, ఇంటర్ చదివే చెల్లి చాలు.

రెండో అభ్యంతరం, ఐక్యత. అడ్డు లైనులో మన బలహీనత మనమే రాస్తే ఎవడో స్క్రీన్‌షాట్ తీసి బయట పెడతాడు, శత్రువుకి ఆయుధం ఇచ్చినట్టే. నిజంగా భయపడాల్సిన మాటే, కాదనం. కానీ అవతలివైపు లాయరుకి మన బలహీనత తెలీదనుకుంటున్నారా? తీర్పు అందరికీ దొరికేదే. తెలియనిది మన జూనియర్లకే. సమతా తీర్పు సంగతి తీసుకోండి. 1997లో వచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదన్నది. మన వాళ్ళు పెట్టిన గొప్ప కేసు. మన పోస్టుల్లో "సమతా ఉంది, ఏ మైనింగూ రాదు" అని ధీమాగా రాస్తారు. అడ్డు లైను రాసిన వాడికే తెలుస్తుంది: ప్రభుత్వ ఖనిజ సంస్థకీ, గిరిజనుల సహకార సంఘాలకీ ఆ తీర్పు దారి వదిలింది. 2015లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది సరిగ్గా ఆ దారిలోనే, ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద. ఏజెన్సీ అంతా లేచింది కాబట్టి ఆగింది, తర్వాత 2019లో రద్దయింది. "సమతా ఉంది" అని నిద్రపోయిన వాళ్ళ వల్ల ఆగలేదు. ఆ సందు కంపెనీలకి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు, మనకే దాచిపెట్టుకుని ఐక్యంగా ఉందామంటే ఆ ఐక్యత ఎవరికి పనికొస్తుంది?

మూడోది పైకి ఎవరూ రాయలేదు, మేం రాస్తాం. రూల్ వస్తే సీనియర్లని కూడా ఆధారం అడుగుతారు. సంఘం నాయకుడు ఫొటోతో పెట్టిన పోస్టు కింద ఫస్టియర్ పిల్ల "ముడి ఏంటన్నా" అని రాయగలుగుతుంది. ఇప్పుడు రాయలేదు. మొన్న ఒక చెల్లి పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్ మీద మంచి ప్రశ్న వేసింది. దాని మీద రెండు వందల మెసేజులు పడ్డాయి, సగం జై కొట్టడాలు, సగం ఇద్దరన్నల పాత తగాదా. ఆమె ప్రశ్న పైకి వెళ్ళిపోయింది, ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఎవరూ గమనించలేదు. ఐదు లైన్లలో అయితే ప్రశ్నకి ఒక చోటు ఉంటుంది, ఎవరు వేశారన్నది కాకుండా దానికి జవాబు వచ్చిందా లేదా అన్నది కనిపిస్తుంది. తెగ పేరు, ఊరి పేరు, ఎన్నో సంవత్సరం అన్న లెక్కలు తగ్గుతాయి. దీనికి భయపడేవాళ్ళు "ఉద్యమం పరీక్ష పేపరా" అంటున్నారేమోనని మా అనుమానం. కోపం వస్తే రానివ్వండి.

మా పద్ధతిలోనూ ఒక చిక్కుంది. రాయడం బాగా వచ్చినవాడు ఐదు లైన్లు నున్నగా రాసి గెలిచేస్తాడు. రాయడం రానివాడి మాటలో నిజం ఉన్నా ఓడిపోతాడు. అందుకని వాయిస్ మెసేజ్ పెట్టినా చెల్లాలి. ఇంకొకరు దాన్ని ఐదు లైన్లుగా రాసి, "నువ్వన్నది ఇదేనా" అని చదివి వినిపించి, అవునంటేనే గ్రూపులో పెట్టాలి. ఆ పని మా రూమ్ వాళ్ళం వంతులేసుకుని చేస్తాం. చాట్‌జీపీటీతో రాయించి పెట్టడం మాత్రం ఆపండి దయచేసి. మొన్న ఒకరు దానితో తీర్పు పేరు తెప్పించి ఆధారంలో పెట్టారు, రెండు గంటలు వెతికితే అలాంటి కేసే లేదు.

అన్నిటికీ ఈ రూల్ పెట్టమని కూడా మేం అనడం లేదు. హాస్టల్లో చెల్లికి జ్వరం, రక్తం కావాలి అని మెసేజ్ వస్తే ఆధారం అడిగేవాడు మనిషి కాదు. ఎవరైనా అమ్మాయి తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని చెప్తే ముందు ఆమె పక్కన నిలబడాలి, ఐదు లైన్లు అడగకూడదు. చావు కబురు, పండగ పాట, సంతలో దిగిన ఫొటో, వీటి జోలికి వెళ్ళొద్దు. నాలుగు విషయాలకే రూల్. ఉద్యోగం, భూమి, అడవి, రిజర్వేషన్. వీటిల్లో తప్పు మాట నమ్మితే నష్టపోయేది పోస్టు పెట్టినవాడు కాదు, దాన్ని నమ్మి ఫారం నింపకుండా ఇంట్లో కూర్చున్నవాడు.

అడ్మిన్లు ఆదివారం రాత్రి ఓటింగ్ పెడతామన్నారు. ఓటు ఎటు వేసినా పర్లేదు, వేసే ముందు ఒక్క పని చెయ్యండి. జీవో 3 మీద మేం రాసిన షీటు శనివారం సాయంత్రం పెడుతున్నాం. మాట, ఆధారం, ముడి, హద్దు నింపాం. అడ్డు లైనులో మాకు తట్టినవి మూడున్నాయి, కింద జాగా వదిలాం. వ్యతిరేకిస్తున్న అన్నలు నాలుగోది రాయండి. వచ్చే నెల పీవో గారికి ఇవ్వబోయే వినతిపత్రంలో దానికి జవాబు కూడా రాసి ఇస్తాం.